బానెట్ మీద గోనెసంచి

ఎండాకాలంలో ఆదోని నుంచి ఎమ్మిగనూరు పోయే ఆర్డినరీ బస్సు ఎక్కినవాళ్లకు ఒక సంగతి తెలుసు. బస్సు ఎంత కిక్కిరిసినా డ్రైవరు పక్కన, ఇంజను మీద మూతలా ఉండే ఆ పెద్ద బానెట్ దగ్గర మాత్రం చోటు ఖాళీగా ఉంటుంది. అక్కడ కూర్చుంటే కాళ్లు మాడిపోతాయి. చంకలో బిడ్డ ఉన్నవాళ్లు కూడా కమ్మీ పట్టుకుని నిలబడతారు గానీ అటు పోరు. అలాంటి చోట, అదీ మే నెలలో, నడుమును బానెట్‌కు ఆనించి కళ్లు మూసుకుని కూర్చున్న ఒక కండక్టరమ్మాయిని మొన్న చూశాను. ఖాకీ చొక్కా మీద కొత్త మడతలు ఇంకా పోలేదు. చేరి ఎక్కువ కాలం అయినట్టు లేదు.

నేను కూడా కండక్టర్నే, రిటైరయ్యాను. ఇప్పుడు ఆడవాళ్లకు బస్సులో డబ్బులు అక్కర్లేదు కాబట్టి, ఉద్యోగమంతా జనాన్ని "చిల్లర తీయండి, చిల్లర తీయండి" అని సతాయించిన నేను ఇప్పుడు సున్నా టికెట్ పట్టుకుని దర్జాగా తిరుగుతున్నాను. ఆ అమ్మాయి లేచి వచ్చి నాకు టికెట్ ఇచ్చింది, నవ్వింది, మళ్లీ పోయి బానెట్‌కే ఆనుకుంది. నాకు పాత చోటే కలుక్కుమంది. ఆమెను ఒక మాట అడిగాను. ఆ మాట విలువ ఏమిటో తెలియాలంటే నా సంగతి మొదటి నుంచి చెప్పాలి. కొత్తగా డ్యూటీలో చేరే ఆడపిల్లలు ఓపిగ్గా చదవండి, ఇది మీకోసమే.

నా జబ్బు పేరు ఎండోమెట్రియోసిస్. గర్భసంచి లోపల ఉండాల్సిన పొరలాంటిదే బయట కూడా పెరుగుతుంది, అండాశయాల మీద, పేగుల మీద, ఎక్కడ పడితే అక్కడ. నెల నెలా అదీ రక్తం కారుస్తుంది, ఆ రక్తానికి బయటికి దారి ఉండదు. లోపలే వాచి, పుండై, మానినచోట పక్కపక్క అవయవాలు ఒకదానికొకటి అతుక్కుపోతాయి. ఇప్పుడు ఇంత చక్కగా చెబుతున్నాను గానీ, నా యవ్వనమంతా ఈ పేరు నాకు చెప్పినవాళ్లు లేరు.

నేను పుట్టింది కోసిగి పక్క పల్లెలో. మాది కూలి కుటుంబం. పెద్దమనిషినైన కొత్తల్లోనే నొప్పి మొదలైంది. అందరికీ వచ్చేదే అన్నారు. పక్కింటి పిల్ల ఇంత మజ్జిగ తాగి పత్తి చేనుకు పోయేది, నేను గోడకు తల ఆనించి వాంతులు చేసుకునేదాన్ని. మా అమ్మ పొయ్యిలో ఇటుకముక్క కాల్చి, పాత చీరపేలికలో చుట్టి, పొత్తికడుపు మీద కాపడం పెట్టేది. "ఓర్సుకో మే, ఒక కాన్పయితే అదే పోతాది" అనేది. కాన్పు రానే లేదు. ఇటుక మాత్రం నాతోపాటు అత్తగారింటికి వచ్చింది.

అత్తగారిల్లు ఎమ్మిగనూరులో. మా ఆయన మగ్గం నేస్తాడు. మాటలు తక్కువ మనిషి. నేను ఇంటరు పాసై ఉన్నాను కాబట్టి కండక్టరు ఉద్యోగాలు పడ్డప్పుడు అర్జీ పెట్టమని తనే అన్నాడు. ఆ ఉద్యోగం వచ్చిన రోజు మా రెండు వైపులా ఇళ్లలో నెలజీతం తెచ్చే మొదటి మనిషిని నేనే అయ్యాను. అంతకంటే పెద్ద విషయం ఇంకొకటి ఉంది, చెబితే నవ్వుతారు. నాకు బస్సంటే పిచ్చి. తలుపు దగ్గర నిలబడి "రైట్ రైట్" అని అరిస్తే అంత పెద్ద బండి నా మాట విని కదిలేది. మా ఇంట్లో నా మాట విని కదిలింది పిల్లి కూడా లేదు.

కానీ కండక్టరు పని నా జబ్బుకు సరిగ్గా పడని పని. రోజంతా నిలబడాలి. బస్టాండులో ఆడవాళ్లకు దొడ్డి సరిగా ఉండదు కాబట్టి నీళ్లు తాగడం మానేస్తాం. రోడ్డు మీద గుంత వచ్చిన ప్రతిసారీ నా పొత్తికడుపులో దారమేదో పట్టి లాగినట్టయ్యేది. ఒక చలికాలం పొద్దున కోసిగి ట్రిప్పులో నిలబడలేక బానెట్ మీద కూలబడ్డాను. ఇంజను వేడి నడుముకు తగిలింది. అమ్మ ఇటుక గుర్తొచ్చింది. ఆ వేడి అలా లోపలికి పాకుతుంటే నాకు ఏడుపొచ్చినంత పనైంది, హాయికి.

అప్పటి నుంచి నా చోటు అదే. టికెట్లన్నీ కొట్టేసి, ముందుకు పోయి బానెట్‌కు ఆనుకునేదాన్ని. ఎండాకాలంలో కూడా. "యేమ్మా, సలిజరమా?" అని అడిగేవాళ్లు అవ్వలు. "గ్యాసవ్వా" అనేదాన్ని. గ్యాసు అనే మాట కనిపెట్టినవాళ్లకు ఆడవాళ్లందరం దండం పెట్టాలి, ఎన్ని దాచుకున్నామో దాని వెనక.

మా డ్రైవరు ఆదోని సాయిబు, నాకంటే చాలా పెద్దవాడు. నేను అన్నా అనేదాన్ని. ఆయన మొదట్లో ఏమీ అడగలేదు. ఒకరోజు పొద్దున బండి ఎక్కేసరికి బానెట్ మీద ఒక గోనెసంచి నాలుగు మడతలు వేసి పెట్టి ఉంది.

"ఇది దేనికన్నా?"

"రేకు కాల్తాది సెల్లెమ్మా. దీని మీద ఆనుకో, వేడి మాత్రం తగుల్తాది."

అంతే. ఇంకేమీ అడగలేదు. ఆ రోజు నుంచి గుంతలున్నచోట ఆయన బండిని ఎలా పోనిచ్చేవాడంటే, నిండు బిందె నెత్తిన పెట్టుకున్న మనిషి నడిచినట్టు. వేరే డ్రైవర్లతో డ్యూటీ పడిన రోజు ఆ తేడా నా ఒళ్లు చెప్పేది.

కండక్టరు చోటు వెనక తలుపు దగ్గర. ముందుకొచ్చి డ్రైవరు పక్కన కూర్చునే ఆడ కండక్టరు గురించి డిపోలో ఏమనుకుంటారో మీకు నేను చెప్పక్కర్లేదు. చెకింగ్ ఇన్‌స్పెక్టర్ ఒకాయన, నవ్వు అంటే ఏమిటో తెలియని మనిషి, రెండుసార్లు నన్ను అక్కడ చూసి రిపోర్టు రాశాడు. "ముందర సీటు రిజర్వేషనా అక్కా?" అని కుర్ర కండక్టర్లు ఎగతాళి. సిగ్గుతో చచ్చిపోయాను. నొప్పి అని చెప్పవచ్చు కదా అంటారేమో. ఏ నొప్పి, ఎక్కడ నొప్పి అని మగాళ్ల మధ్య నిలబడి ఎలా చెప్పాలి? పైగా అప్పటికే నెలకోసారి సిక్ లీవులు పెట్టి పెట్టి డిపో మేనేజరు దగ్గర చెడ్డపేరు తెచ్చుకున్నాను. "ఇంకోసారి పొడుగు లీవు పెడితే మెడికల్ బోర్డుకు పంపిస్తానమ్మా, అన్‌ఫిట్ అంటే నా చేతుల్లో ఏమీ ఉండదు" అని చెప్పేశాడు ఆయన. అంటే బస్సు పోతుంది. నాకు నొప్పి కంటే ఆ మాట ఎక్కువ భయం పెట్టింది.

పుకారు మా డ్రైవరన్న చెవిలో కూడా పడింది. ఆయన ఎవరితోనూ పోట్లాడలేదు. మరుసటి రోజు వాళ్లావిడను బుర్ఖాలో తీసుకొచ్చి ముందు సీట్లో కూర్చోబెట్టాడు.

"మా ఇంటామె. నిన్ను సూస్తానంటే పిల్సుకొచ్చినా" అన్నాడు, ముఖం రోడ్డు వైపే పెట్టి.

ఆదోని నుంచి కోసిగి దాకా, మళ్లీ కోసిగి నుంచి ఆదోని దాకా ఆమె నన్నే చూస్తూ కూర్చుంది. నేను మొండిగా పోయి బానెట్‌కే ఆనుకున్నాను. ఇంక పోయేదేముంది అనుకున్నాను. ఆదోనిలో అందరూ దిగాక ఆమె నా చెయ్యి పట్టుకుంది.

"నువ్వు మాటలకు కూసోలేదు ఆడ. నొప్పికి కూసుంటాండావు. నాకు తెల్దా? పా, ఇంటికి పోదాం."

వాళ్లింట్లో నాకు టీ ఇచ్చి, తలుపు వేసి, ఎక్కడ నొప్పో చూపించమంది. చూపించాను. నా పొత్తికడుపు మీద, నడుము చుట్టూ ముదురు గోధుమరంగులో వల పరిచినట్టు మచ్చ పడి ఉంది. నేనే సరిగా చూసుకోలేదు అప్పటిదాకా.

"యా అల్లా! ఎవురు పెట్టినారు మే ఈ వాతలు?"

మా వైపు కడుపునొప్పికి ఇనపచువ్వ కాల్చి వాతలు పెట్టేవాళ్లు ఇప్పటికీ ఉన్నారు. నేను వాతలు కాదు వదినా అని, ఇటుక సంగతీ బానెట్ సంగతీ చెప్పాను. ఆమె ముందు పడీ పడీ నవ్వింది. "మా ఆయన బండి నిన్ను కాల్సిందా!" అని నవ్వుతూ నవ్వుతూ ఏడ్చింది. నేనూ ఏడ్చాను. నా నొప్పికి మొదటిసారి ఇంకొకరు ఏడ్చారు. ఆ రోజు నుంచి ఆమె నన్ను ఇంజను అని పిలుస్తుంది. ఇప్పటికీ ఫోన్ చేస్తే "ఏం ఇంజనూ" అనే అంటుంది.

ఆమె పోరితే డాక్టరు దగ్గరికి పోవడానికి ఒప్పుకున్నాను. మా అత్త వెంట వచ్చింది. ఆదోనిలో ఒక నర్సింగ్ హోమ్. అక్కడి డాక్టరు నా కడుపు చూడగానే ముఖం చిట్లించాడు.

"ఉద్యోగం చేస్తున్నావు, చదువుకున్నదానివి, ఇంకా ఈ వాతలేంటమ్మా?"

తల వంచుకుని చీర సర్దుకున్నాను. వాతలు కావండీ, బస్సు బానెట్ అంటే ఆయన ఏమనుకుంటాడు? డిపోలో అనుకున్నదే అనుకుంటాడని భయం. ఆ తర్వాత నేను ఏం చెప్పినా ఆయన సగం చెవితోనే విన్నాడు. నాటువైద్యాలు చేయించుకుని చివరికి తన దగ్గరికి వచ్చే రకం అని నన్ను తేల్చేసుకున్నాడు. స్కానింగ్ తీయించి, గడ్డ ఉంది, గర్భసంచి తీసేస్తే సరి అన్నాడు. "పిల్లలు ఎలాగూ లేరు కదా" అని కూడా అన్నాడు. దొడ్డికి పోయేటప్పుడు కూడా ప్రాణం పోతుందండీ, అది కూడా తగ్గుతుందా అని అడిగాను. అన్నీ పోతాయి అన్నాడు.

బయటికొచ్చాక మా అత్త నా తల నిమిరింది. చాలా మంచిది మా అత్త. "భయపడొద్దు మే. నాది తీసినారు, మీ పెద్దత్తది తీసినారు. మా వీధిలో ఎవురిది ఉండాది సెప్పు? పీడ పోతాది" అంది. నిజమే, మా వీధిలో నడివయసు ఆడవాళ్లలో అది ఉన్నవాళ్లను వెతకాలి. వచ్చే వారం ఆపరేషన్ అని ఖాయం చేసుకుని వచ్చాం. పిల్లల మీద ఆశ అప్పటికే చచ్చిపోయి ఉంది, ఆ మాట నిజంగానే చెబుతున్నాను. నా దిగులంతా లీవు గురించి. ఆపరేషన్ తర్వాత నెలల తరబడి బస్సెక్కకూడదట. మెడికల్ బోర్డు నా కళ్ల ముందు కూర్చుని ఉంది.

ఆ వారం మధ్యలోనే ఆ రోజు వచ్చింది.

పత్తి ఏరే కాలం. పొద్దున కోసిగి నుంచి ఆదోనికి వస్తున్నాం. బస్సు నిండా కూలి ఆడవాళ్లు, సద్దిమూటలు, మధ్యలో ఎక్కడెక్కడో చేల దగ్గర దిగిపోయేవాళ్లు. సగం మందికి టికెట్లు ఇచ్చానో లేదో, లోపల ఎవరో పేగును పట్టుకుని మెలి తిప్పినట్టయింది. కళ్లు బైర్లు కమ్మాయి. మూటల మీద పడిపోయాను.

తెలివి ఉంది, కానీ మాట రాలేదు. ఒక అవ్వ నా తల ఒళ్లో పెట్టుకుంది. బానెట్ మీది గోనెసంచిని ఎవరో అందిస్తే, ఆ వేడి సంచిని నా కడుపు మీద పెట్టింది. ఎవరు చెప్పారు ఆమెకు? ఎవరూ చెప్పలేదు. రోజూ నన్ను చూస్తూనే ఉన్నారు వాళ్లు, గ్యాసని నేను చెప్పే మాటను ఒక్కరూ నమ్మలేదన్నమాట.

"డ్రైవరప్పా!" అని కేక వేసింది అవ్వ. "బండి యాడా నిలపొద్దు. ఈ బిడ్డ సచ్చేటట్టుండాది. నేరుగా ఆదోని ఆస్పత్రికి కొట్టు."

"మజ్జెలో దిగేటోల్లు ఉండారు కదవ్వా" అన్నాడు డ్రైవరన్న.

"తిరుగుబండికి వస్తాంలేప్పా" అన్నాడు వెనక నుంచి ఒక రైతు. "నువ్వు పోనీ."

"కూలి పోతే పోనీలే, పోనియ్యన్నా" అంది ఇంకొకామె.

కూలి పోతే పోనీ అన్నది రోజు కూలి మీద బతికే మనిషి. ఆ మాట ఇప్పుడు రాస్తుంటే కూడా నా కళ్లు తడుస్తున్నాయి. ఆ రోజు తమ తమ చేల ముందు నుంచి బస్సు పోతుంటే కిటికీలోంచి చూస్తూ కూర్చున్నారే గానీ ఆపమన్న మనిషి లేడు.

సగం దారిలో చెకింగ్ జీపు అడ్డంగా నిలబడి ఉంది. అదే ఇన్‌స్పెక్టర్. బస్సులో సగం మందికి టికెట్లు లేవు. మామూలుగా అయితే కండక్టరు ఉద్యోగం పోవడానికి అదొక్కటి చాలు. ఆయన మెట్లెక్కి లోపలికి రాగానే బస్సంతా ఒక్కసారిగా అరవడం మొదలుపెట్టింది. మేమే తీసుకోలేదని ఒకరు, ఆయమ్మ పడిపోయిందని ఇంకొకరు, ఆమె జోలికొస్తే ఊరుకోమని అవ్వ. ఆయన మూటలు దాటుకుంటూ నా దగ్గరికి వచ్చాడు. నా ముఖం చూశాడు. నా కడుపు మీది గోనెసంచి చూశాడు. ముందుకు పోయి, అది తీసేశాక బోసిగా ఉన్న బానెట్‌ను చేత్తో తాకి చూశాడు. చెయ్యి చటుక్కున వెనక్కి తీసుకున్నాడు.

తర్వాత నా మెడలోంచి టికెట్ మెషీను మెల్లగా తీసి తన మెడలో వేసుకున్నాడు. కిటికీలోంచి జీపు డ్రైవరుకు ముందు పొమ్మని సైగ చేశాడు. "రైట్ రైట్" అన్నాడు. ఆదోని వచ్చేదాకా ఆయనే అందరికీ టికెట్లు కొట్టాడు, ఒక ముసలాయనతో చిల్లర దగ్గర పోట్లాట కూడా పెట్టుకున్నాడు. అంత నొప్పిలోనూ నాకు నవ్వొచ్చింది. జీపు హారన్ కొట్టుకుంటూ ముందు, మా బస్సు వెనక. బస్సు బస్సంతా ఆస్పత్రి గేటులోకి దూరిపోయింది.

ప్రభుత్వాసుపత్రిలో ఆ పూట డ్యూటీలో ఉన్నది ఒక చిన్నవయసు డాక్టరమ్మ. కోస్తా మాట. నన్ను బల్ల మీద పడుకోబెట్టి, చీర పక్కకు జరిపి, ఆ మచ్చను చూసింది. నేను కళ్లు గట్టిగా మూసుకున్నాను, తిట్టు పడుతుందని. ఆమె వేలితో ఆ గీతల మీద మెల్లగా రాసింది.

"ఎన్నాళ్ల నుంచి కాపడం పెట్టుకుంటున్నారండీ?"

నేను కళ్లు తెరిచాను. కాపడం అంది ఆమె. వాతలు అనలేదు.

"నీకెలా తెలుసమ్మా?"

"వాతలైతే కాల్చినచోటే గీత పడుతుంది. ఇది వలలా ఉంది. సన్నటి వేడి ఏళ్ల తరబడి ఒకేచోట తగిలితే ఇలా అవుతుంది." చీర మళ్లీ సరిచేసింది. "ఇంత మచ్చ పడేదాకా వేడి ఆనించుకుంటూనే ఉన్నారంటే, ఆ నొప్పి ఎంతుండాలి?"

భోరుమని ఏడ్చాను. ఆపుకోవాలని కూడా అనిపించలేదు. మా అమ్మకు, అత్తకు, డిపోకు, ఆ నర్సింగ్ హోమ్ డాక్టరుకు నేను నా నొప్పి ఎంతో చూపించలేకపోయాను. నా చర్మం చూపించింది, చూసే కళ్లు ఆమెకు ఉన్నాయి. బానెట్ సంగతి చెప్పాను. ఆమె నవ్వలేదు. దొడ్డికి పోయేటప్పటి నొప్పి, ఆయనతో ఉన్నప్పటి నొప్పి, ఇంతవరకు ఎవరూ అడగనివన్నీ అడిగింది. అప్పుడు ఆ పేరు చెప్పింది. అది వట్టి అనుమానమేనని, లోపల కెమెరా పెట్టి చూస్తే గానీ ఖాయంగా తెలియదని, కర్నూలు పెద్దాసుపత్రికి రాసిస్తానని చెప్పింది.

కబురు అంది మా ఆయన మగ్గం మీద నుంచి లేచినవాడు లేచినట్టే వచ్చేశాడు. చేతులకు నూలు దూది అంటుకునే ఉంది. డాక్టరమ్మ ఆయనకు కూడా మళ్లీ మొదటి నుంచి చెప్పింది, లోపల ఒకదానికొకటి అతుక్కుపోయి ఉండొచ్చని. ఆయన శ్రద్ధగా విన్నాడు.

"పడుగుకు గంజి పెట్టినాక పోగులు అతుక్కుంటాయే, అట్లనా మేడం?"

ఆమెకు అర్థం కాలేదు. ఆయనే చెప్పాడు, మగ్గానికి నిలువుదారాలకు గంజి పట్టిస్తే ఆరేలోపల పోగు పోగూ విడదీయాలని, లేకపోతే అన్నీ కలిసి కట్టె అవుతాయని.

"అచ్చం అలాగేనండీ."

"వాటిని కోపం జేసి లాగితే తెగిపోతాయి మేడం. నిదానంగా ఇడదీయాల." ఆయన నా వైపు చూశాడు. "అట్ల ఇడదీసేటోల్లు కర్నూల్లో ఉండారా?"

పెళ్లయినప్పటి నుంచి ఆయన ఒక్క ఊపులో అన్ని మాటలు మాట్లాడటం అదే మొదటిసారి. నర్సింగ్ హోమ్ ఆపరేషన్ వద్దని మా ఇంట్లో తేలిపోయింది.

కర్నూలులో పెద్ద డాక్టరమ్మ కూడా ఆదోని డాక్టరమ్మ మాటే అంది. "గర్భసంచి కొందరికి తీయాల్సి వస్తుంది, కాదనను. మీకు మాత్రం అదొక్కటే తీస్తే, పేగుకు అతుక్కున్నది పేగుకే ఉంటుంది, నొప్పి కూడా ఉంటుంది" అని చెప్పింది. ఆ మాట మా అత్త కూడా విన్నది. సాయంత్రం వార్డులో నాకు అన్నం కలుపుతూ అడిగింది.

"అయితే మే, మాకందరికీ దేనికి తీసినారు?"

  ఆమెకు ఎందుకు తీశారో ఆమెకు ఎవరూ చెప్పలేదు, ఆమె అడగలేదు. మీరు మాత్రం అడగండి. కోప్పడితే కోప్పడనీ, అడగండి.

కడుపు మీద చిన్న చిన్న రంధ్రాలు పెట్టి ఆపరేషన్ చేశారు. అండాశయం మీద గడ్డ తీశారు, దాన్ని వాళ్ల భాషలో చాక్లెట్ గడ్డ అంటారట. అంత చేదుదానికి ఆ పేరు పెట్టినవాళ్లకు ఏం తినే అలవాటో. అతుకులు విడదీశారు, పేగు పక్క ఒకటి విడదీయడం ప్రమాదమని వదిలేశారు. మళ్లీ రాదని హామీ లేదని ఆపరేషన్‌కు ముందే చెప్పారు, తర్వాత కూడా చెప్పారు. అబద్ధం చెప్పి ఊరడించనందుకు వాళ్లకు రుణపడి ఉన్నాను.

మిగిలింది మెడికల్ బోర్డు. పోయేముందు డిపో మేనేజరు పిలిచాడు. భయపడుతూ పోతే, కొన్నాళ్లు ఎంక్వైరీ కౌంటర్లో కూర్చో, తర్వాత బస్సెక్కుదువు గాని అన్నాడు. బోర్డు కూడా ఫిట్ అని రాసింది. ఆ ఇన్‌స్పెక్టర్ ముందే మేనేజరు దగ్గరికి పోయి, తను రాసిన రిపోర్టులు తప్పని చెప్పి వచ్చాడని నాకు చాలా రోజుల తర్వాత తెలిసింది. ఆయన నాతో ఆ ముక్క ఎప్పుడూ అనలేదు. ఆ తర్వాత కూడా నా బస్సెక్కి చెక్ చేసేవాడు, నవ్వకుండానే.

మళ్లీ బస్సెక్కిన రోజు పొద్దున బానెట్ మీద గోనెసంచి ఉంది. వదిన సబ్బు పెట్టి ఉతికి, ఎండేసి పంపింది. నేను టికెట్లు కొట్టి, వెనక తలుపు దగ్గర నా సీట్లో కూర్చున్నాను. కోసిగి దాకా అక్కడే కూర్చున్నాను. డ్రైవరన్న అద్దంలోంచి ఊరికే చూస్తున్నాడు. గుంతలో బండి ఎగిరిపడింది, లోపల దారం లాగలేదు. ఎప్పుడూ లాగే చోట ఏమీ లేకపోవడం ఎంత వింతగా ఉంటుందో మాటల్లో చెప్పలేను. కోసిగిలో బండి ఆపి అన్న వెనక్కి వచ్చాడు.

"సంచి తీసేయాల్నా సెల్లెమ్మా?"

"ఉండనీలే అన్నా. మళ్లీ వస్తాదన్నారు కదా."

వచ్చింది కూడా. కొన్నేళ్లు సుఖంగా ఉన్నాను, తర్వాత మెల్లగా తిరిగొచ్చింది, మునుపంత కాదు. మాత్రలు వాడాను, మాత్రలు పడక తిట్టుకున్నాను, వేరేవి మార్చారు. నొప్పి ఉన్న రోజు ఉంది అని చెప్పడం నేర్చుకున్నాను. అది నేర్చుకోవడమే అన్నిటికంటే కష్టమైంది. మా డిపోలో ఆడవాళ్లం ఒక పద్ధతి పెట్టుకున్నాం. ఎవరైనా వచ్చి "నాకు ఈ రోజు ఎమ్మిగనూరు షటిల్ కావాల" అంటే, ఎందుకని అడగకుండా మార్చుకోవాలి. అది దగ్గరి ట్రిప్పు, బస్టాండులో దొడ్డి కాస్త నయం. మొదట్లో డ్యూటీలు వేసే కంట్రోలరు గొణిగేవాడు. తర్వాత ఆయన కూతురికీ రోజంతా నిలబడే ఉద్యోగం వచ్చింది, గొణగడం మానేశాడు.

డ్రైవరన్న రిటైరైన రోజు ఆ సంచిని తర్వాతి డ్రైవరు చేతిలో పెట్టి, "ఇది బండి సామాను, పారేయొద్దు" అని చెప్పి పోయాడు. నేను సర్వీసు మొత్తం బస్సు మీదే చేసి, బస్సు మీదే రిటైరయ్యాను. పిల్లలు లేరు. ఆ లోటు లేదని అనను. కానీ నన్ను మోసినవాళ్లను తలుచుకుంటే, కూలి పోగొట్టుకుని కిటికీలోంచి తమ చేలను చూసుకుంటూ కూర్చున్న ఆ ఆడవాళ్లను తలుచుకుంటే, నాకు తక్కువైందని చెప్పడానికి నోరు రాదు.

ఇక మొన్నటి సంగతి. బస్సు ఎమ్మిగనూరు దగ్గర పడుతోంది. నేను లేచి, కమ్మీలు పట్టుకుంటూ ముందుకు పోయి, ఆ అమ్మాయి పక్కన బానెట్ మీద కూర్చున్నాను. వేడికి ఒళ్లు చుర్రుమంది. అలవాటు తప్పింది కదా.

"యాలక్కా ఈడికొచ్చినావు? కాల్తాది, ఎనక్కి పో" అంది ఆ అమ్మాయి.

"ఎన్నాళ్ల నుంచి పాపా, ఈ కాపడం?"

"కాపడం ల్యాదు, ఏమీ ల్యాదక్కా. గ్యాసు."

నాకు నవ్వొచ్చింది. నవ్వకుండా ఆమె ముఖంలోకే చూస్తూ కూర్చున్నాను. ఆమె డ్రైవరు వైపు చూసింది, కిటికీలోకి చూసింది, చివరికి నా వైపు తిరిగింది. కళ్లనిండా నీళ్లు.

"నీకు ఎవురు సెప్పినారక్కా?"

కొంగు కొంచెం పక్కకు జరిపి, నా నడుము మీద ఇంకా మాసిపోని ఆ గోధుమరంగు వలను ఆమెకు చూపించాను.